లోయవైపు చూడొద్దు

ఆ మొగుడూ పెళ్ళాల డాబా మీంచి కొండమీది ఊరు కనిపిస్తుంది. పగలు చూస్తే ఎవరో తెల్లగుడ్డలు ఆరేసి తీయడం మరిచిపోయినట్టుంటుంది. బస్సెక్కితే పెద్ద ప్రయాణమేమీ కాదు, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. అంత దగ్గర కాబట్టే పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పోలేదు. దూరపు ఊళ్ళకైతే సెలవులు పెట్టుకుంటారు, టిక్కెట్లు కొనుక్కుంటారు. పక్కనున్నదాన్ని ఎప్పుడైనా చూడొచ్చులే అనుకుంటారు. ఆ ఎప్పుడైనా అన్న రోజు ఏ క్యాలెండర్లోనూ ఉండదు.

అయినా వీళ్ళు పోకపోవడానికి అసలు కారణం అది కాదు. బట్టీ.

ఆయనది బేకరీ. వాళ్ళ నాన్న తన చేతులతో ఇటుకా ఇటుకా పేర్చి కట్టిన కట్టెల బట్టీ అది. మనిషి వంగి లోపలికి దూరేంత ఉంటుంది. దాన్ని చల్లారనివ్వకూడదన్నది ఆ ఇంటి చట్టం. ఒకసారి పూర్తిగా చల్లారితే ఇటుకలు చెమ్మ పీల్చుకుంటాయి. మళ్ళీ ఒక్కసారిగా మంట పెడితే పగుళ్ళిస్తాయి. పసిపిల్లకు నడక నేర్పినట్టు రోజుకి కాస్త కాస్తగా వేడి అలవాటు చేసుకుంటూ రావాలి. ఆ తిప్పలు పడలేక సెలవురోజున కూడా ఎవరో ఒకరు పోయి నాలుగు కట్టెలు వేసి వస్తారు. తండ్రి పోయిన రోజున కూడా ఆయన ఏడుస్తూనే కట్టెలు వేశాడు. తన పెళ్ళిలో అయితే పెళ్ళికొడుకు బట్టలతోనే మధ్యలో మాయమై, నిప్పు ఎగదోసి, ముక్కుకి మసితో తిరిగొచ్చాడు. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా ఆమెకి నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

ఊళ్ళో అందరూ ఆయన్ని రస్కు మాస్టరు అంటారు. రస్కులు బాగా చేస్తాడని కొందరి లెక్క, మాట రస్కులా ఉంటుందని మిగతావాళ్ళ లెక్క. ఆమె ఆసుపత్రిలో నర్సు. పురుళ్ళు పోయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఊరంతా సిస్టరమ్మ అని పిలుస్తారు. కట్టుకున్నవాడు అలా పిలవలేడు కాబట్టి ఆయన మాత్రం 'ఇదిగో' అంటాడు.

ఆయన లేచి పిండి పిసికే వేళకి ఆమెకి మంచి నిద్ర. ఆమె డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి ఆయనకి కళ్ళు మూతలు పడుతుంటాయి. మీరిద్దరూ కాపురం చేయడం లేదు, ఒకే మంచాన్ని షిఫ్టుల్లో వాడుకుంటున్నారంతే అని హాస్టల్లో ఉండే కూతురు వెక్కిరిస్తుంది. వెక్కిరింపే అయినా అందులో అబద్ధమేమీ లేదు.

కొండమీది ఊళ్ళో ఒక చిన్న పురుళ్ళ ఆసుపత్రి ఉంది. దానికి పెద్ద నర్సుగా రమ్మని ఆమెకి కబురు రావడం ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ ఆమె ఇంట్లో మాట కూడా ఎత్తకుండా రానని చెప్పేసింది. అడిగితే మొగుడు వద్దనడని తెలుసు. 'సరేలే' అంటాడు. అని, ఒక్కసారి బట్టీవైపు చూస్తాడు. ఆ చూపుకి భయపడే అడగలేదు. రోజూ పోయి రావచ్చుగా అంటే, పురుళ్ళు బస్సు టైము చూసుకుని రావు. పెద్ద నర్సు అన్నాక అక్కడ ఉండి తీరాలి.

మూడోసారి కబురొచ్చినప్పుడు మాత్రం ఆమె మనసు ఎదురు తిరిగింది. ఒకరి కింద చేసీ చేసీ ఉన్న చేతులు తనవి. ఇక్కడ మంచం ఇలా వేస్తే బాగుండు, ఈ తల్లిని ఇంకాసేపు నడిపిస్తే బాగుండు అని తోచినవన్నీ నోట్లోనే మింగిన మనిషి. అక్కడైతే తన మాటే మాట. ఆ కబురు తెచ్చిన తమ ఆసుపత్రి డాక్టరమ్మ కూడా, ఇక అడగనమ్మా, సోమవారం పొద్దున ఏ సంగతో తేల్చి చెప్పెయ్ అంది. ఆ రాత్రి కంచం ముందు కూర్చున్నప్పుడు ఆమె ధైర్యం చేసింది.

"ఒక్కసారి ఆ ఊరు చూసొద్దామండీ. చూశాక మీకు నచ్చలేదంటే ఈ మాట మళ్ళీ ఎత్తను."

మాస్టరు నోట్లో ముద్ద నమిలి, మంచినీళ్ళు తాగి, ఆదివారం పోదామన్నాడు. బట్టీని తమ్ముడికి అప్పగిస్తాననీ అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. పైగా ఆ తమ్ముడు, అంటే ఆమె మరిది, బంగారంలాంటి మనిషే కానీ నిద్రపోయాడంటే బంగారంలాగే పడుంటాడు, కదలడు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కారు. పక్క వీధిలో పేరంటానికి వెళ్ళినా మూడుసార్లు బట్టీ ఊసెత్తే మనిషి ఇవాళ నోరు విప్పలేదు. తమ్ముడికి ఫోన్ చేయలేదు. వెనక్కి తిరిగి ఊరివైపు చూడలేదు కూడా. మలుపు తిరిగినప్పుడల్లా ముందు సీటు కడ్డీ పట్టుకుని చెట్లకేసి చూస్తూ కూర్చున్నాడు. తనకోసం ఎంత బిగపట్టుకుని కూర్చున్నాడో పాపం అని ఆమెకి జాలేసింది. ఆ జాలిలో కాస్త భయం కూడా కలిసింది. ఇంత మంచిగా ఉన్నాడంటే సాయంత్రం వద్దని చెప్పడానికేనేమో అనిపించింది.

బస్సు దిగగానే ఎదురుగా నడుమెత్తు రాతిగోడ, గోడ అవతల లోయ. దిగినవాళ్ళంతా అలవాటుగా ఆ గోడ దగ్గరికే పోయారు. మాస్టరు టీ తెస్తానని బడ్డీకొట్టు వైపు వెళ్ళాడు. ఆమె గోడ మీద చేతులానించి చూసింది. కింద తమ ఊరు, అరచేతిలో పెట్టుకోవచ్చు అన్నంత చిన్నదిగా ఉంది. ముందు రైలు పట్టాలు దొరికాయి. పట్టాల వెంట పోతే నీళ్ళ ట్యాంకు. ట్యాంకు పక్కన ఎరుపూ తెలుపూ పట్టీల పొగగొట్టం. తమదే. చూసి ముచ్చటపడబోయి ఆగిపోయింది.

గొట్టంలోంచి పొగ రావడం లేదు.

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. పక్కవీధి లాండ్రీ గొట్టం పొగ వదులుతోంది. రైలు పట్టాల అవతల ఎవరో చెత్త తగలేస్తున్నారు, ఆ పొగ కూడా కనిపిస్తోంది. ఒక్క తమ గొట్టమే బొమ్మలో గీసినట్టు ఊరికే నిలబడి ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె దాన్ని అలా చూడలేదు.

టీకొట్టు దగ్గర మాస్టరు అక్కడి బన్ను ఒకటి చేతిలోకి తీసుకుని నొక్కి చూస్తున్నాడు. ఏ ఊరు వెళ్ళినా ఆయన ముందు చూసేది అదే. ఇంకాసేపు రాడని తెలుసుకుని ఆమె ఒక లారీ చాటుకి పోయి మరిదికి ఫోన్ చేసింది. అవతల ఎత్తగానే ఏడుపు గొంతు.

"వదినా, నిద్రపట్టేసింది. ఇప్పుడే వచ్చి చూశాను. లోపల చెయ్యి పెడితే మంచులా ఉంది. ఒక్క రవ్వ లేదు."

"మళ్ళీ వెలిగించలేవా?"

"వెలిగిస్తే పగిలిపోతుంది వదినా. చిన్నప్పట్నుంచీ విన్నమాటే కదా. నీకు దణ్ణం పెడతాను, అన్నయ్యకి మాత్రం చెప్పకు. నేనే ఏదో ఒకటి ఆలోచిస్తాను."

ఆ మరిది ఆలోచించి ఏదైనా చేసిన దాఖలా ఇంతవరకూ లేదు. ఆమె ఫోన్ పెట్టేసి లారీ చక్రం పక్కన నిలబడిపోయింది. చెబితే ఆయన వచ్చిన బస్సులోనే వెనక్కి పోతాడు. ఊరూ చూడడు, ఆసుపత్రీ చూడడు. ఈ ఊరి పేరెత్తితే చాలు బట్టీ చల్లారిన రోజే గుర్తొస్తుంది జన్మంతా. చెప్పకపోతే? సాయంత్రం దాకా. ఒక్క సాయంత్రం దాకా. చల్లారింది ఎలాగూ చల్లారిపోయింది, ఇప్పుడు పరిగెత్తినా ఒకటే, తీరుబడిగా వెళ్ళినా ఒకటే. ఇలా తనకి తానే సర్దిచెప్పుకుంది.

మాస్టరు టీ గ్లాసులు పట్టుకుని గోడవైపే వస్తున్నాడు. ఆమె ఎదురెళ్ళి గ్లాసు అందుకుని, ఎండ కళ్ళల్లో పడుతోంది ఇటు రండి అని ఆయన్ని వెనక్కి తిప్పేసింది. సూర్యుడు అప్పటికింకా మబ్బుచాటునే ఉన్నాడు.

అక్కణ్ణుంచి మొదలైంది వాళ్ళ ఊరు చూడడం. కొండమీద ఊళ్ళకి జనం దేనికొస్తారు? లోయ చూడ్డానికి. ఈ ఇద్దరూ లోయ తప్ప అన్నీ చూశారు. వీధి కుడివైపు తెరుచుకుంటే ఆమె ఎడమవైపు తిప్పింది. ఎక్కడ బల్ల వేసి ఉంటే అక్కడ కూర్చోవద్దు, చెమ్మగా ఉందంది. అద్దాల కిటికీలున్న హోటల్లో ఆయన కిటికీ పక్కన కూర్చోబోతే, గాలి తగిలి జలుబు చేస్తుందని గోడవైపు కూర్చోబెట్టి తాను కిటికీకి అడ్డంగా కూర్చుంది. ఆయన ఆమె భుజం మీదుగా చూస్తే ఆమె ఒళ్ళు విరుచుకుంది. హోటలువాడు ఇద్దరినీ వింతగా చూశాడు.

అయితే ఒకటి మాత్రం నిజం. వెనకవైపు నుంచి చూస్తే ఊరు మరీ ముద్దుగా ఉంది. ముందు వీధి నుంచి ఒక అంతస్తులా కనిపించే ఇల్లు, పక్క సందులోంచి దిగి చూస్తే మూడంతస్తులు. ఒక ఇంటి గుమ్మం ఇంకో ఇంటి డాబా మీదికి తెరుచుకుంటోంది. ఒకావిడ పైనుంచి బుట్టకి తాడు కట్టి కిందికి వదిలితే కూరలమ్మేవాడు అందులో టమాటాలు వేస్తున్నాడు. నిన్నటివి మెత్తగా ఉన్నాయని ఆవిడ పైనుంచి తిడుతోంది, బుట్ట తాడు కంటే మాట పొడుగ్గా ఉందని వాడు కిందినుంచి గొణుగుతున్నాడు. తడిబట్టలు మేకు మేకుకీ వేలాడుతున్నాయి. ఇక్కడ బట్టలారడానికి రెండు రోజులు పడుతుందేమో అని మాస్టరు అన్నాడు. అది తప్పు పట్టడమో ఊరికే అనడమో తెలియక ఆమె రోజంతా ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

ఆసుపత్రి ఊరికి పై అంచున ఉంది. పసుప్పచ్చ గోడలు, చిన్న వరండా. ఆయా వాళ్ళని లోపలికి తీసుకెళ్ళి చూపించింది. కాన్పుగదిలో అడుగు పెట్టగానే సిస్టరమ్మ మొదట కిటికీ దగ్గరికి పరుగు తీసింది. ఎందుకంటే ఆ కిటికీ నిండా లోయే. చప్పున తెర లాగేసింది.

"తెర వేస్తే ఎలాగమ్మా, నొప్పులు పడేవాళ్ళకి అదొక్కటే కాలక్షేపం" అంది ఆయా.

సిస్టరమ్మకి సిగ్గేసింది. నిజంగా పెద్ద నర్సుగా వస్తే తాను మొదట చేయించే పని ఆ తెర పీకించడమే. ఆ సిగ్గులో కాసేపు మొగుణ్ణీ పొగగొట్టాన్నీ మరిచిపోయింది. పరికరాల బల్ల గోడకి ఆనించి ఉంది, అక్కణ్ణుంచి అయితే చెయ్యి చాపి అందుకోవాలి. తనకి తెలియకుండానే దాన్ని మంచం కుడివైపుకి జరిపింది. దీపం కాస్త కిందికి దించింది. పుట్టిన బిడ్డని పడుకోబెట్టే తొట్టి గాలి కొట్టే చోట ఉంటే ఇవతలికి లాగింది. ఆయా రెండో చివర పట్టుకుని సాయం చేసింది. వెనక్కి తిరిగి చూస్తే మాస్టరు గుమ్మంలో నిలబడి తననే చూస్తున్నాడు. ఎంతసేపటినుంచి చూస్తున్నాడో తెలియదు. పెళ్ళాం పని చేస్తుండగా ఆయన చూడడం అదే మొదటిసారి. ఆ టైముకి ఎప్పుడూ ఇంట్లో గుర్రుపెట్టి నిద్రపోతుంటాడు.

పెద్ద నర్సు ఉండే గదులు ఎక్కడని ఆయనే అడిగాడు. ఆసుపత్రి వెనకాల రెండు గదులు, ఒక వంటిల్లు, రాతి పెరడు. మాస్టరు గోడలు వేలితో తట్టి విన్నాడు. నేల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. పెరట్లో ఒక మూల అడుగులు వేసుకుంటూ అటూ ఇటూ నడిచి, తల పంకించి వచ్చేశాడు. వంకలు వెతుకుతున్నాడనుకుంది ఆమె. వెతకనీ, వెతకడం ఆయన హక్కు అని కూడా అనుకుంది.

మధ్యాహ్నం దాటింది. ఆయన నిద్రవేళ. నడుస్తూ నడుస్తూ రెండుసార్లు తూలాడు. ఎక్కడైనా కాసేపు నడుం వాల్చమంటే ఇవాళ పడుకోనన్నాడు. కుళాయి కింద తలపెట్టి నీళ్ళు కొట్టుకుని, చొక్కా తడుపుకుని, ఇంకా ఏ వీధి మిగిలిందో చూపించమన్నాడు. వాళ్ళిద్దరూ కలిసి ఒక మధ్యాహ్నం మెలకువగా ఉండడం కూతురు పుట్టినప్పుడు జరిగిందేమో, మళ్ళీ ఇవాళే. తడితలతో, ఎర్రటి కళ్ళతో, అడిగినచోటల్లా తిరుగుతున్న ఆ మనిషిని చూస్తుంటే ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. ఇంత నమ్మకంగా వెంట వస్తున్నాడు. కింద ఊళ్ళో వాళ్ళ నాన్న కట్టిన బట్టీ చచ్చిపడి ఉంటే తాను ఇక్కడ మేకులకి వేలాడే బట్టలు చూపిస్తోంది.

సాయంత్రం బస్టాండులో ఒక బల్ల దొరికింది. అదృష్టవశాత్తూ అది కొండవైపు తిరిగి ఉంది. ఇద్దరూ కూర్చున్నారు. ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఇదిగో. నేనొక మాట చెప్పాలి."

జవాబు చెప్పబోతున్నాడని ఆమెకి తెలిసిపోయింది. అవునో కాదో మొహంలో కనిపించలేదు. ఒకవేళ అవునే అయితే? ఆ అవును కోసమే కదా ఇంత కథా నడిపింది. కానీ వెచ్చగా ఉందనుకుంటున్న బట్టీని వదిలి వస్తాననే మనిషి దగ్గర ఆ మాట తీసుకుంటే, అది తీసుకోవడం కాదు, కాజేయడం. ఉద్యోగం పోతే పోయింది.

"ఆగండి. ముందు నేను చెప్తాను. విన్నాక మీరేమంటే అదే." ఆమె ఆయనకేసి తిరిగి కూర్చుంది. "బట్టీ చల్లారిపోయింది. పొద్దున బస్సు దిగగానే చూశాను, గొట్టంలో పొగ లేదు. మరిదిని అడిగితే నిద్రపోయానన్నాడు. మీకు చెబితే అప్పుడే వెళ్ళిపోతారని చెప్పలేదు. రోజంతా మిమ్మల్ని లోయవైపు చూడనివ్వలేదు. నాది తప్పు. తమ్ముణ్ణి ఏమీ అనకండి."

మాస్టరు భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె బెదిరిపోయి చూస్తే నవ్వుతున్నాడు.

"అందుకా! నేనింకా నీకు బుర్ర తిరిగిందేమో అనుకున్నా. కొండెక్కించి గోడలు చూపిస్తోందేమిట్రా అని."

"మీకు కోపం రాలేదా?"

"వాడేం చేశాడు పాపం. వాడు టైముకి లేచొచ్చినా చల్లారే ఉండేది. నిన్న ఆఖరి ట్రే తీశాక నేనే నిప్పులన్నీ బయటికి లాగేశాను."

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎందుకని అడిగింది.

"అది వెచ్చగా ఉంటే నేను ఇక్కడికొచ్చినా అక్కడే ఉంటానని నాకు తెలుసు" అన్నాడు ఆయన. "సరే అనేవాణ్ణి, అని దానికేసి చూసేవాణ్ణి. నువ్వు వెంటనే వద్దులే అనేసేదానివి. రెండుసార్లు అలాగే అనేశావు, నన్ను అడక్కుండానే. నాకు తెలియదనుకున్నావు. బ్రెడ్డు కొనడానికొచ్చిన మీ డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు నోరు మూసుకుని ఊరుకున్నాను చూడు, అదే నాకు ఇన్నాళ్ళూ గుచ్చుకుంటోంది. మూడోసారి నువ్వు నాకోసం మానుకోవడానికి కారణం ఉండకూడదని నిప్పు తీసేశాను."

"మరి నచ్చకపోతే ఏం చేసేవారు?"

"ఊరు నచ్చడం ఏమిటి? ఊరు చూడ్డానికా వచ్చాను? నువ్వు చూపిస్తానన్నావని వచ్చాను." చేత్తో ఆసుపత్రివైపు చూపించాడు. "ఆ పెరట్లో చిన్న బట్టీకి చోటుంది. ఇక్కడి బన్ను ఉత్త దూది. ఈ చలికి పిండి రాత్రంతా మెల్లగా పొంగుతుంది. నేను నిద్రపోయినా దాని పని అది చేసుకుంటుంది. మనిద్దరం ఒకే పూట పడుకోవచ్చు. కింద షాపు తమ్ముడికిచ్చేస్తే వాడు కరెంటు బట్టీ పెట్టుకుంటాడు, వాడికెప్పట్నుంచో ఆ పిచ్చి ఉంది. వాడు నిద్రపోయినా అది చల్లారదుగా."

మరిదికి ఫోన్ చేసి ఇప్పుడే చెప్పేద్దాం, పొద్దుట్నుంచీ వణికిపోతున్నాడంది ఆమె. రాత్రి దాకా వణకనీ, నిద్రపోయినందుకు ఆ మాత్రం ఉండాలన్నాడు మాస్టరు.

ఆయన లేచి చెయ్యి అందించాడు. ఇద్దరూ రాతిగోడ దగ్గరికి వెళ్ళారు. పొద్దుట్నుంచీ దాచిపెట్టిన లోయంతా ఒక్కసారిగా ఎదురొచ్చింది. ఆయన కళ్ళు రైలు పట్టాలూ ట్యాంకూ వెతుక్కోలేదు, నేరుగా గొట్టం మీదికే పోయాయి. చూస్తూ చూస్తూ నవ్వు ఆగిపోయింది. నిప్పులు లాగేశాక ఏం చేశారని ఆమె అడిగింది. ఊరికే దాని ముందు కూర్చున్నానన్నాడు. బట్టీ నోట్లో చెయ్యి పెట్టి చూస్తూ, ఇటుకల్లో వేడి పోయేదాకా.

"ఒక్కరే కూర్చున్నారా? నన్ను లేపొచ్చుగా."

"నీకు పొద్దున ప్రయాణం కదా."

"ఏడ్చారా?"

"పొగ పడింది కంట్లో" అన్నాడు మాస్టరు.

నిప్పు లేని బట్టీలో పొగెక్కడిదని ఆమె అడగలేదు. ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. వేళ్ళ మధ్య కాలిన మచ్చలు ఒక్కొక్కటే తడిమింది. బస్సు వచ్చి హారన్ కొట్టింది. కండక్టరు పిలిచాడు. ఇదిగో వస్తున్నాం అని ఆమె గట్టిగా చెప్పింది కానీ, ఇద్దరిలో ఎవరూ కదలలేదు.